పిల్లి గీరింది, పసుపు రాశాం

ప్రశ్న: డాక్టరు గారూ, మాది గుణుపురం. మా ఇంట్లో మోతి అనే కుక్క, మిని అనే పిల్లి ఉండేవి. రెండూ వీధిలోంచి తెచ్చుకున్నవే. మొన్న మిని రెండు రోజులు ఏమీ తినకుండా మంచం కింద ముడుచుకుని పడుకుంది. చెవులు, ఒళ్లు వేడిగా ఉన్నాయని మా అత్తగారు జ్వరం బిళ్లలో పావు ముక్క నూరి, పాలలో కలిపి, నోరు తెరిచి పట్టారు. అప్పుడు ఆవిడ చేతి మీద గీరేసింది. పసుపు రాశాం, మానిపోతోంది. మిని మాత్రం సాయంత్రానికి ముఖం వాచిపోయి, ఆయాసపడుతూ మర్నాడు పొద్దున్నే చనిపోయింది. జ్వరం ఎక్కువై పోయిందా, బిళ్ల వల్ల పోయిందా? అత్తగారు సరిగా అన్నం తినడం లేదు. మోతికి కూడా ఒళ్లంతా గోమార్లు (పిడుదులు). ఆవులకి వాడే మందు కొట్టాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చాయి. నాలుగు రోజులుగా అదీ సరిగా తినడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. మా బాబేమో ఇంకో పిల్లిపిల్లని తెమ్మంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా

సమాధానం: అమ్మా, మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన చోటే నేను ఆగిపోయాను. "చేతి మీద గీరేసింది, పసుపు రాశాం." మిని గురించి, మోతి గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ అత్తగారి చెయ్యి.

ఉత్తరం అందిన రోజే మీకు ఫోన్ చేసి, ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్లమని చెప్పాను. మర్నాడే మొదటి ఇంజెక్షన్ పడిందని మీరు చెప్పాక నా మనసు కుదుటపడింది. ఆ సంగతి ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. ఎందుకంటే పిల్లి గీరితే రేబిస్ గురించి ఆలోచించని ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. కుక్క కరిస్తే పరిగెడతారు, పిల్లి గీరితే పసుపు రాస్తారు.

పిల్లికీ రేబిస్ వస్తుంది. అది పంజా నాక్కుంటూనే ఉంటుంది కాబట్టి గోళ్లకి దాని చొంగ అంటుకుని ఉంటుంది. పైగా మీ అత్తగారు నోరు తెరిచి మందు పట్టారు, అంటే వేళ్లకి కూడా చొంగ తగిలే ఉంటుంది. రేబిస్ మొదలయ్యేటప్పుడు పిల్లి చీకట్లో దాక్కోవచ్చు, తిండి మానేయవచ్చు. ఇంకా ఎన్నో జబ్బుల్లో కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి మినికి రేబిస్ ఉందని నేను అనడం లేదు. లేదని చెప్పడానికి మాత్రం మనకి ఆధారం మిగల్లేదు. కరిచిన లేదా గీరిన కుక్క, పిల్లి పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉంటే, కరిచినప్పుడు దాని చొంగలో రేబిస్ లేనట్టే. మిని మర్నాడే చనిపోయింది. ఆ పది రోజుల లెక్క ఇక మనకి పనికిరాదు. అలాంటప్పుడు టీకా వేయించుకోవడం తప్ప ఇంకో దారి లేదు. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకి వైద్యం లేదు, అంతకుముందైతే టీకాతో ఆపవచ్చు.

టీకా చేతికే వేస్తారు. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు, ప్రతిసారీ రెండు చేతులకీ చిన్న చిన్న మోతాదులు. ప్రభుత్వ ఆస్పత్రిలో డబ్బులు తీసుకోరు. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదులు అని పెద్దవాళ్లు ఇప్పటికీ భయపడతారు. ఆ పాత మందు తయారీని మన దేశంలో 2004లోనే ఆపేశారు. గీరిన చోట రక్తం వచ్చి ఉంటే గాయంలోనే వేసే ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా అవసరమవుతుంది. అందుకే రక్తం చిమ్మిందా, ఊరికే చర్మం లేచిందా అన్నది డాక్టరుకి దాచకుండా చెప్పాలి. ఒడియా రాని పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తే కౌంటర్ దగ్గర "బిలెయి రాంపుడిలా" అంటే చాలు, పిల్లి గీరిందని వాళ్లకి తెలుస్తుంది.

ఇంకెప్పుడైనా ఇలా జరిగితే పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి ఏదీ రాయకండి. కొళాయి కింద చెయ్యి పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని పదిహేను నిమిషాలు, ఎందుకంటే మనకి రెండు నిమిషాలే చాలా సేపు అనిపిస్తాయి. సగం రక్షణ ఆ కడగడంలోనే ఉంది.

ఇప్పుడు మిని సంగతి. ఫోన్‌లో నేను మిమ్మల్ని ఒకటే అడిగాను, చిగుళ్లు ఏ రంగులో ఉన్నాయని. మీరు కాసేపు ఆలోచించి, "చాక్లెట్ నాకినట్టు ఉన్నాయండీ" అన్నారు. అప్పుడు నాకు అర్థమైపోయింది. అమ్మా, మినిని తీసుకెళ్లింది ఆ బిళ్లే. జ్వరం బిళ్లలో ఉండే పేరాసిటమాల్‌ని మన కాలేయం విరిచి బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైమ్ పిల్లి కాలేయంలో చాలా తక్కువ. విరగకుండా మిగిలిన మందు విషంగా మారి రక్తం మీద పడుతుంది. ఎర్ర రక్తకణాలు ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తాయి. అందుకే చిగుళ్లు గోధుమ రంగుకి తిరగడం, ఆయాసం. ముఖం, పాదాలు వాచడం కూడా ఈ విషానికి ఆనవాలే. మూడు కిలోల పిల్లికి 650 బిళ్లలో పావు ముక్క చాలా ఎక్కువ. ఒక్క 500 బిళ్ల పెద్ద పిల్లినైనా చంపగలదు.

దీనికి విరుగుడు ఉంది. పేరాసిటమాల్ ఎక్కువ మింగిన మనుషులకి ఆస్పత్రిలో ఇచ్చే ఎన్-ఎసిటైల్ సిస్టీనే పిల్లికీ ఇస్తారు. కానీ కొన్ని గంటల్లోనే మొదలుపెట్టాలి. మందు పడిన వెంటనే ఫలానా బిళ్ల ఇంత ముక్క ఇచ్చామని పశువుల డాక్టరుకి చెప్పి ఉంటే ఒక అవకాశం ఉండేది. ఇది మిమ్మల్ని బాధపెట్టడానికి రాయడం లేదు. ఇంకో ఇంట్లో ఇలా జరిగితే పరిగెత్తడానికి వాళ్లకి టైమ్ ఉందని తెలియాలి.

మీ అత్తగారికి ఈ నిజం చెప్పాలా వద్దా అని మీరు ఫోన్ చివర్లో అడిగారు. అప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నా సంగతి చెబుతాను. మాది పర్లాకిమిడి. నేను హైస్కూల్లో ఉండగా మా ఇంట్లో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. ఒకరోజు అది నలతగా ఉంటే మా అమ్మ ఇలాగే బిళ్ల నూరి పట్టింది. రాత్రి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే మూతి ఉబ్బిపోయి కళ్లు చీలికల్లా కనిపించాయి. తెల్లారేసరికి పోయింది. జ్వరమే అనుకున్నాం. తర్వాత చాలా ఏళ్లకి భువనేశ్వర్‌లో పశువైద్య కళాశాలలో మందుల పాఠం వింటుంటే మా మాస్టారు ఈ లక్షణాలే వరసగా చెప్పారు. నా చెయ్యి రాయడం ఆగిపోయింది. సెలవులకి ఇంటికి వెళ్లాను గానీ అమ్మకి చెప్పలేదు. బాధపడుతుందని. ఆ తర్వాత రెండేళ్లకి మా పక్కింటివాళ్ల పిల్లికి నలతగా ఉంటే మా అమ్మే సలహా ఇచ్చింది, పావు బిళ్ల పట్టమని. ఆ పిల్లీ పోయింది. అప్పుడు చెప్పాను. "ముందే చెప్పుంటే బాగుండేది కదా" అంది, అంతే.

కాబట్టి చెప్పండి. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పండి. మనవడికి జ్వరం వస్తే ఆవిడ ఏం చేస్తారో మినికీ అదే చేశారు. పిల్లిని ఇంట్లో మనిషిలా చూసుకున్న ఆవిడకి, దాని ఒళ్లు మన ఒళ్లు లాంటిది కాదని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు తెలిస్తే ఆ వీధిలో పది పిల్లులకి ఆవిడే కాపలా అవుతారు.

ఇంకో మాట. అసలు మినికి జ్వరం ఉందో లేదో మనకి తెలియదు. మన ఒంటి వేడి 98.6 డిగ్రీలైతే కుక్కకి, పిల్లికి మామూలుగానే దాదాపు 101 నుంచి 102.5 వరకు ఉంటుంది. మన చేతికి అవి ఎప్పుడూ వేడిగానే తగులుతాయి. చెవులు పట్టుకుని జ్వరం చెప్పలేం. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నదీ లెక్కలోకి రాదు. మందుల షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటరు ఒకటి వాటికోసం విడిగా కొనండి. కొనకి కొబ్బరినూనె రాసి, తోక ఎత్తి, మలద్వారంలో ఒక అంగుళం లోపు పెట్టి బీప్ వచ్చేదాకా పట్టుకోవాలి. ఒకరు తల దగ్గర కూర్చుని మాట్లాడుతుంటే చాలావరకు ఊరుకుంటాయి. గింజుకుంటే వదిలేయండి, బలవంతం వద్దు. 103 దాటితే జ్వరం.

అలాగే చిగుళ్లు. ఇది మీ బాబుకి కూడా నేర్పవచ్చు, కరవని జంతువైతేనే. పెదవి పైకెత్తి, కోరపంటి పైన చిగురుని వేలితో నొక్కి వదలాలి. నొక్కిన చోట తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగు రావాలి. ఆలస్యమైతే రక్తప్రసరణ సరిగా లేనట్టు. పాలిపోయి ఉంటే రక్తం తగ్గినట్టు. పసుపుపచ్చగా ఉంటే కాలేయం దెబ్బతినడం గానీ, రక్తకణాలు విరిగిపోవడం గానీ. నీలం, గోధుమ రంగైతే ఇంకేమీ ఆలోచించకుండా బయల్దేరాలి. ఇప్పుడు మోతి ఆరోగ్యంగా ఉన్నప్పటి రంగు ఎలా ఉండేదో మీకు గుర్తుందా? చాలామందికి గుర్తుండదు. బాగున్న రోజున చూసి పెట్టుకుంటేనే బాగోలేని రోజున తేడా తెలుస్తుంది. కొన్ని కుక్కలకి పుట్టుకతోనే నల్ల చిగుళ్లు ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లోపలి భాగం చూడాలి.

మోతి విషయంలో ఆలస్యం చెయ్యకండి. గోమార్లు ఉండి, నాలుగు రోజులుగా తిండి తగ్గిందంటే నా అనుమానం పిడుదుల జ్వరం మీదే. గోమారి రక్తం తాగుతూ ఎర్లీకియా, బబీసియా లాంటి క్రిముల్ని కుక్క రక్తంలోకి వదులుతుంది. జ్వరం, నీరసం, చిగుళ్లు పాలిపోవడం, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం, మూత్రం కాఫీ రంగులో రావడం దాని గుర్తులు. రేపు పొద్దున్న మోతి మూత్రం పోసేటప్పుడు రంగు చూడండి. తర్వాత గుణుపురంలో పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చెయ్యమని అడగండి. గాజుపలక మీద రక్తపు చుక్క పరిచి మైక్రోస్కోప్‌లో చూసినా కొంత తెలుస్తుంది. ప్లేట్‌లెట్లు తగ్గాయేమో కూడా చూడాలి. ఎర్లీకియా అయితే మందు మూడు నాలుగు వారాలు వాడాల్సి వస్తుంది. వారానికే హుషారు వచ్చేసిందని సగంలో మానేసే కేసులే నాకు తిరిగి వస్తుంటాయి. ఇంకా పెద్ద పరీక్షలు కావాలంటే సరిహద్దు దాటితే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, ఇటు భువనేశ్వర్‌లో ఉంది.

ఆవుల మందు గురించి మీరు పేరు రాయలేదు. గోమార్లకి వాడే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, అమిట్రాజ్ రకాలు చిక్కటి మందులు. ఎంత నీళ్లలో ఎన్ని మిల్లీలీటర్లు కలపాలన్నది ఆవుకి ఒకటి, కుక్కకి ఒకటి. మూత కొలతతో పోసేస్తే కుక్కకి వణుకు, చొంగ, మత్తు వస్తాయి. పిల్లి ఉన్న ఇంట్లో అయితే ఇంకా ప్రమాదం. ఈ మెత్రిన్ రకాలు, ముఖ్యంగా కుక్కల చుక్కల మందుల్లో ఉండే పెర్‌మెత్రిన్, పిల్లి ఒంటికి తగిలితే ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. మందు రాసిన కుక్కని ఆనుకుని పడుకున్నా చాలు. మినికి వణుకు, ఫిట్స్ రాలేదన్నారు కాబట్టి దాని చావుకి ఇది కారణం అనుకోను. రేపు ఇంకో పిల్లి వస్తే మాత్రం ఈ మాట గుర్తుంచుకోవాలి.

తగ్గి మళ్లీ ఎందుకు వచ్చాయంటే, గోమార్లు కుక్క మీదకి భోజనానికి మాత్రమే వస్తాయి. కడుపు నిండిన ఆడది కిందకి రాలి, గోడ పగుళ్లలోకో, గుమ్మం సందులోకో పాకి వేలల్లో గుడ్లు పెడుతుంది. మోతి పడుకునే చోట గోడకి టార్చి వేసి చూడండి. నేల నుంచి జానెడు ఎత్తులో, సున్నం పెళ్లలు లేచిన చోట ఆవగింజల్లాంటి పిల్లలు కదులుతూ కనిపిస్తాయి. వాటిని వదిలేసి కుక్కకి ఎన్నిసార్లు మందు కొట్టినా ఇదే కథ. పగుళ్లు సిమెంటుతోనో మట్టితోనో పూడ్చండి, కింద పరిచే గోనెపట్టా కాల్చేసి కొత్తది వేయండి, ఆ మూలని వారం వారం వేడినీళ్లతో కడగండి. కుక్కకి వాడాల్సిన మందు డాక్టరు దాని బరువు చూసి ఇస్తారు. మెడ మీద వేసే చుక్కలున్నాయి, నెలల తరబడి పనిచేసే బిళ్లలున్నాయి. ఒక్కో గోమారిని చేత్తో నలపకండి. పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నెమ్మదిగా లాగి సబ్బునీళ్లలో వేయండి. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ పూయడం రెండూ వద్దు.

మోతికి ఇప్పటిదాకా ఏ టీకా వేయించలేదని ఫోన్‌లో చెప్పారు, ఊరకుక్కే కదా అని. వీధిలో తిరిగే కుక్కకే టీకా ఎక్కువ అవసరం. జ్వరం తగ్గాక రేబిస్ టీకా వేయించండి, ఆ తర్వాత ఏటా. టీకా వేసిన రోజున సీసా మీది లేబుల్ ఊడదీసి కార్డు మీద అతికించమని అడగండి. సరిహద్దులో ఉన్న మనం ఒక ఏడాది ఇటు వేయిస్తాం, ఇంకో ఏడాది పాతపట్నంలోనో పార్వతీపురంలోనో వేయిస్తాం. కార్డు మీద రాత ఒడియాలో ఉన్నా తెలుగులో ఉన్నా, లేబుల్ ఉంటే ఏ డాక్టరుకైనా అర్థమవుతుంది. నట్టల మందు మూడు నెలలకోసారి.

తిండి గురించి పెద్దగా చెప్పను, అన్నం, గుడ్డు, ఉడికించిన చేప, చోడంబలి అన్నీ మోతికి మంచివే. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన పులుసు, మాంసం కూర మాత్రం కలిపి పెట్టకండి. ఉల్లి కుక్కకీ పిల్లికీ ఎర్ర రక్తకణాల్ని విరిచేస్తుంది. మోతికి ఇప్పటికే రక్తం తగ్గి ఉంటుందని నా భయం. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగులకి గుచ్చుకుంటాయి. ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ, కడిగి నానబెట్టాక కొంచెం పెట్టవచ్చు. అలాగే మోతి కుంటుతోందని మన ఒళ్లునొప్పుల బిళ్లలు, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వకండి. కడుపులో పుళ్లు పడి రక్తం పోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇక బాబు అడిగిన పిల్లిపిల్ల. తెచ్చుకోండి, కానీ ఈ నెలలో వద్దు. మిని మొదట రెండు రోజులు ఎందుకు తినలేదో మనకి తెలియలేదు. పిల్లులకి వచ్చే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు కూడా అలాగే మొదలవుతుంది. ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి, ఏడాది దాకా కూడా చావకుండా ఉండగలదు. అందుకని మిని పళ్లెం, పరుపు గుడ్డలు పారేయండి. మంచం కింద నేలని ముందు సబ్బుతో కడిగి, తర్వాత ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి తుడిచి పది నిమిషాలు అలాగే తడిగా ఉంచండి. ఫినాయిల్ వాడకండి, పిల్లికి అదీ విషమే, పాదాలకి అంటింది నాక్కుంటుంది. తెచ్చే పిల్లకి ఎనిమిది వారాలు నిండాలి, ఇంటికి రాకముందే మొదటి టీకా పడి ఉండాలి. చిన్న ఊళ్లలో పిల్లుల టీకా అన్ని రోజులూ దొరకదు. ముందు ఫోన్ చేసి తెప్పించమని చెప్పండి. పెద్దయ్యాక ఎప్పుడైనా ఒక పూర్తి రోజు తిండి ముట్టకపోయినా, మూత్రం కోసం కూర్చుని లేస్తూ చుక్క కూడా పడకపోయినా, మరుసటి రోజు కోసం ఆగకుండా బయల్దేరండి. మూత్రం ఆగిన మగపిల్లి రెండు మూడు రోజుల్లో పోతుంది.

మోతి రక్తపరీక్షలో ఏం వచ్చిందో నాకు రాయండి, కాగితం ఫోటో తీసి పంపినా సరే. మీ అత్తగారికి మొదటి ఇంజెక్షన్ పడిన రోజుని సున్నాగా లెక్కపెట్టి 3, 7, 28 రోజులు ఏ తారీఖుల్లో పడతాయో ఇవాళే వంటింటి క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టి పెట్టండి. 28వ రోజుకి చెయ్యి పూర్తిగా మానిపోయి ఉంటుంది. ఇప్పుడెందుకులే అంటారు. అయినా తీసుకెళ్లండి.